లోపల ఎవరు కుడుతున్నారు?

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు మా మావయ్యకి జ్వరం వచ్చింది. అది తగ్గిన రెండు వారాలకి పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. తర్వాత పిక్కలు. మూడో రోజుకి మెట్లు ఎక్కలేకపోయాడు. మావయ్య టైలర్. ముప్పై ఏళ్లుగా కాళ్లతో తొక్కే మిషనే ఆయన ఉద్యోగం, ఆఫీసు, ఆస్తి అన్నీ.

హాస్పిటల్లో దాని పేరు చెప్పారు: గులియన్ బారే సిండ్రోమ్. 2025 మొదట్లో పుణెలో కేసులు ఎక్కువైనప్పుడు వార్తల్లో జీబీఎస్ అని మీరు వినే ఉంటారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ మీద యుద్ధం చేయాల్సిన సైన్యం పొరపాటున మన నరాల మీదే పడటం ఈ జబ్బు. డాక్టర్ గారు ప్రిస్క్రిప్షన్ వెనక ఒక బొమ్మ గీసి చూపించారు. ఒక కరెంటు తీగ, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. "తొడుగు ఊడింది, తీగ బాగానే ఉంది. మళ్లీ వస్తుంది, టైం పడుతుంది" అన్నారు.

ఆయన వెళ్లాక మావయ్య నన్ను అడిగాడు. "తొడుగు మళ్లీ వస్తుందంటున్నారు కదా, మరి లోపల ఎవరు కుడతార్రా అల్లుడూ?"

నేను ఎంపీసీ. బయాలజీ టెన్త్‌తో వదిలేశాను. "బాడీ ఆటోమేటిగ్గా చేసుకుంటుంది మావయ్యా" అన్నా.

"ఆటోమేటిక్ మిషనుకైనా దారం ఎక్కించేవాడు ఒకడుండాలి కదా" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. తర్వాత చదివితే ఇంగ్లీషులో దొరికింది, కానీ దాన్ని మావయ్యకి తెలుగులో చెప్పబోతే మూడో వాక్యానికే ఆగిపోయాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం మరి. అందుకే మన క్లబ్ వాళ్లు ఈసారి ఆర్టికల్ అడిగితే ఇదే రాస్తానన్నా. తప్పులుంటే క్షమించండి, నా రూమ్మేట్ తెలుగు మీడియంవాడు, కొంచెం దిద్దాడు.

ముందు తీగ సంగతి

మనం తెలుగులో రక్తం పారేదాన్నీ నరమే అంటాం, సిగ్నల్ పారేదాన్నీ నరమే అంటాం. ఇక్కడ రెండోదాని గురించే. నరాన్ని కోసి చూస్తే లోపల వేల సన్నని తీగలు కట్టగట్టి ఉంటాయి. ఒక్కో తీగా ఒక నాడీకణం సాచిన పొడవైన చెయ్యి. పుస్తకంలో దీన్ని తంత్రికాక్షం అంటారని రూమ్మేట్ చెప్పాడు. నాకు నోరు తిరగలేదు కాబట్టి ఆక్సాన్ అనే రాస్తాను.

ఈ ఆక్సాన్ మీద తొడుగే మైలిన్. 1854లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వర్చో ఆ పేరు పెట్టాడు. తొడుగు లేని సన్నని ఆక్సాన్‌లో సిగ్నల్ సుమారు సెకనుకి 1 మీటరు వేగంతో పోతుంది. మన నడకంత. తొడుగున్న పెద్ద ఆక్సాన్‌లో సెకనుకి 100 మీటర్లు కూడా దాటుతుంది. కాలి బొటనవేలి నుంచి మెదడుకి ఒకటిన్నర మీటరు అనుకోండి. తొడుగు లేకపోతే "కింద మేకు ఉంది" అన్న కబురు చేరడానికి ఒకటిన్నర సెకను. సెకనుకి 50 మీటర్లతో పోతే 30 మిల్లీసెకన్లు.

ఈసీఈ ఫ్రెండ్స్‌కి ఇది వెంటనే అర్థమవుతుంది. కణం పైపొర ఒక కెపాసిటర్ లాంటిది. ప్రతిచోటా దాన్ని ఛార్జ్ చేసుకుంటూ పోవాలంటే లేటు. మైలిన్ అంటే ఆ పొరనే పదుల సార్లు చుట్టడం, అంటే కెపాసిటర్లని సిరీస్‌లో పెట్టడం. మొత్తం కెపాసిటెన్స్ పడిపోతుంది, లీకేజీ తగ్గుతుంది. తొడుగు మధ్యమధ్యలో చిన్న ఖాళీలుంటాయి. వాటిని 1870ల్లో వర్ణించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరుతో రాన్వియే కణుపులు అంటారు. సిగ్నల్ ఈ కణుపుల దగ్గరే మళ్లీ బలం పుంజుకుంటుంది, మన నెట్‌వర్క్స్ క్లాసులో రిపీటర్ లాగా.

మైలిన్ లేకుండా వేగం కావాలంటే ఇంకో దారి ఉంది: తీగని లావు చేయడం. స్క్విడ్ అనే సముద్రజీవి అదే చేసింది. దాని పెద్ద ఆక్సాన్ అర మిల్లీమీటరు పైనే ఉంటుంది, అయినా వేగం సెకనుకి 25 మీటర్ల దగ్గరే ఆగుతుంది. మనకి మిల్లీమీటరులో 50వ వంతు తీగతోనే దానికి నాలుగు రెట్లు వస్తోంది. మైలిన్ లేకుండా మన నరాలన్నీ అదే పద్ధతిలో కట్టాలంటే కాలు లోపల కండకి చోటే మిగలదు.

చుట్టేది ఎవరు?

మావయ్య ప్రశ్నకి మొదటి సగం జవాబు ఇది. ఆక్సాన్ తన తొడుగు తాను వేసుకోదు. పక్కన వేరే కణాలుంటాయి. చేతులు, కాళ్ల నరాల్లో వాటి పేరు ష్వాన్ కణాలు. ఒక్కో ష్వాన్ కణం ఒకే ఆక్సాన్‌ని పట్టుకుని, మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ ముక్కని చుడుతుంది. మెదడులో, వెన్నుపాములో ఈ పని చేసేవి ఆలిగోడెండ్రోసైట్లు. అవి చాలా చేతులున్న కణాలు, ఒక్కొక్కటే పదుల ముక్కలు చుట్టగలదు.

చుట్టడం అంటే మనం టేపు చుట్టినట్టు పైపైన కాదు. ష్వాన్ కణం లోపలి అంచు ఆక్సాన్‌కీ, ఇంతకుముందు వేసిన పొరకీ మధ్య దూరుకుంటూ తిరుగుతుంది. అంటే కొత్త పొర ఎప్పుడూ లోపలే పడుతుంది. పని చేస్తున్న అంచు చివరిదాకా ఆక్సాన్‌ని తాకుతూనే ఉంటుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ష్వాన్ కణానికి కళ్లు లేవు. తన పక్కనున్నది ఆక్సాన్ అని ఎలా తెలుసు? ఎన్ని చుట్లు వేయాలో ఎవరు చెప్పారు? ఎప్పుడు మొదలుపెట్టాలి? అన్నీ డీఎన్ఏలో ముందే హార్డ్‌కోడ్ చేసి ఉంటాయేమో అనుకున్నా. కాదు. అన్ని ఆక్సాన్లూ ఒకే లావులో ఉండవు. సన్నవాటికి, సుమారు మైక్రాన్ కంటే తక్కువున్నవాటికి, అసలు తొడుగే పడదు. మంట, సలుపు లాంటి నెమ్మది నొప్పి మోసేవి అవే. దెబ్బ తగిలిన వెంటనే ఒక చురుకు, కాసేపటికి అసలు నొప్పి వచ్చేది అందుకే. రెండు కబుర్లు రెండు రకాల తీగల్లో బయల్దేరతాయి.

కాబట్టి ష్వాన్ కణం అక్కడికక్కడ అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడానికి వాడేవే రిసెప్టర్లు, తెలుగులో గ్రాహకాలు. కణం పైపొరలో గుచ్చుకుని ఉండే ప్రొటీన్లు ఇవి. బయటి భాగానికి సరిపోయే అణువు తగిలితే లోపలి భాగం ఆకారం మారుతుంది, లోపల పని మొదలవుతుంది. ఈవెంట్ లిజనర్ అనుకోండి. అయితే కోడ్‌లో లిజనర్ పేరు మ్యాచ్ అవ్వాలి, ఇక్కడ ఆకారం మ్యాచ్ అవ్వాలి.

మొదటి సంభాషణ: కొలత

ఆక్సాన్ తన పైపొర మీద న్యూరెగ్యులిన్-1 అనే ప్రొటీన్‌ని పెట్టుకుని ఉంటుంది. ష్వాన్ కణం పైన ఎర్బ్‌బీ2, ఎర్బ్‌బీ3 అనే రెండు రిసెప్టర్లుంటాయి. ఈ జంట గురించి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎర్బ్‌బీ3 న్యూరెగ్యులిన్‌ని పట్టుకోగలదు, కానీ లోపలికి కబురు పంపే దాని ఎంజైమ్ భాగం దాదాపు పనిచేయదు. ఎర్బ్‌బీ2కి ఎంజైమ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ బయట ఏ అణువునీ నేరుగా పట్టుకోదు. ఒకడికి వినపడుతుంది, మాట రాదు. ఇంకొకడికి మాట వస్తుంది, వినపడదు. ఇద్దరూ జత కడితేనే పని జరుగుతుంది. ఈ ఎర్బ్‌బీ2కే ఇంకో పేరు హెర్2. కొన్ని రొమ్ము కేన్సర్లలో అతిగా ఉండే ప్రొటీన్ అదే, ట్రాస్టుజుమాబ్ మందు పట్టేది దాన్నే.

2004లో జర్మనీలోని గోటింగెన్‌లో క్లాస్-ఆర్మిన్ నావే బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ప్రతి జీన్‌కీ రెండు కాపీలుంటాయి కదా. న్యూరెగ్యులిన్-1 జీన్‌లో ఒక కాపీ పనిచేయని ఎలుకల్ని చూశారు. ఆక్సాన్ల లావు మామూలుగానే ఉంది, కానీ మైలిన్ పలచన, చుట్లు తక్కువ. ఇంకో ఎలుకల్లో ఆక్సాన్లు న్యూరెగ్యులిన్‌ని ఎక్కువ తయారుచేసేలా మార్చారు. వాటిలో మైలిన్ మామూలు కంటే మందంగా వచ్చింది. అంటే ఎన్ని చుట్లు అన్నది ష్వాన్ కణం సొంత నిర్ణయం కాదు, ఆక్సాన్ చెప్పే కొలత. లావు ఆక్సాన్‌కి చుట్టుకొలత ఎక్కువ, అందుకే ష్వాన్ కణానికి అందే న్యూరెగ్యులిన్ మొత్తం కూడా ఎక్కువ. లోపలి అంచు ఎప్పుడూ ఆక్సాన్‌ని తాకుతూ ఉంటుందన్నాను చూడండి, కొలత అందేది అక్కడే.

మరుసటి ఏడాది ఇంకో ప్రయోగం వచ్చింది. మామూలుగా తొడుగు పడని ఆక్సాన్లని ల్యాబ్‌లో పెంచి, వాటితో బలవంతంగా ఈ న్యూరెగ్యులిన్‌ని తయారుచేయించారు. ష్వాన్ కణాలు వచ్చి వాటికీ తొడుగు చుట్టేశాయి. చుట్టాలా వద్దా, చుడితే ఎంత అన్న రెండు ప్రశ్నలకీ ఒకే అణువు జవాబన్నమాట.

రెండో సంభాషణ: మొదలుపెట్టు

కొలత ఒక్కటే చాలదు. దీన్ని బయటపెట్టింది జీబ్రాఫిష్. అక్వేరియంలో ఉండే చారల చేప, పుట్టిల్లు మన దక్షిణాసియా ఏరులే. పిల్లదశలో ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి నరాలు బతికుండగానే మైక్రోస్కోప్‌లో కనిపిస్తాయి. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో కెల్లీ మంక్, విలియం టాల్బట్ బృందం జీపీఆర్126 అనే రిసెప్టర్ పాడైన చేపల్ని పరీక్షించింది. మెదడులో మైలిన్ బాగానే ఉంది. పక్క నరాల్లో మాత్రం లేదు. విచిత్రం ఏంటంటే ష్వాన్ కణాలు అక్కడే ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో ఆక్సాన్‌ని ఎంచుకుని పట్టుకుంది కూడా. అక్కడితో ఆగిపోయింది. ప్రాసెస్ స్టార్ట్ అయింది, కానీ ఇన్‌పుట్ కోసం వెయిటింగ్.

జీపీఆర్126 జీపీసీఆర్ అనే పెద్ద కుటుంబంలోది. మన ఒంట్లో ఇవి సుమారు 800 ఉంటాయి. వీటి మీద పనికే 2012 కెమిస్ట్రీ నోబెల్ లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకి వచ్చింది. జీపీఆర్126 ఆన్ అయితే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది చివరికి క్రాక్స్20 అనే మాస్టర్ స్విచ్ దాకా పోతుంది, క్రాక్స్20 మైలిన్ జీన్లని తెరుస్తుంది. శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, రిసెప్టర్ లేని చేపలకి ఫార్స్కోలిన్ ఇచ్చారు. ఇది మన దేశంలో పెరిగే కోలియస్ జాతి మొక్క వేరు నుంచి వచ్చే పదార్థం, రిసెప్టర్‌తో పనిలేకుండా నేరుగా సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ఆగిపోయిన కణాలు మళ్లీ మైలిన్ ప్రొటీన్లు తయారుచేయడం మొదలుపెట్టాయి. డీబగ్గింగ్ అంటే ఇది. పాడైన ఫంక్షన్‌ని దాటేసి దాని అవుట్‌పుట్‌ని చేత్తో ఇస్తే మిగతా ప్రోగ్రామ్ నడిచింది. అంటే తప్పు సరిగ్గా ఆ ఒక్క చోటే ఉంది.

మరి జీపీఆర్126ని ఆన్ చేసేది ఏంటి? ఇది ఆక్సాన్ వైపు మాత్రమే వినే రిసెప్టర్ కాదు, బయటి వైపు కూడా వింటుంది. ష్వాన్ కణం తన చుట్టూ తానే ఒక పలచని పరుపులాంటి పొర నేసుకుంటుంది. అందులోని కొలాజెన్-4, లామినిన్-211 ఈ రిసెప్టర్‌కి తగులుతాయి. 2015లో తేలింది ఏంటంటే, లామినిన్ ఊరికే తగిలితే చాలదు, కదలిక కావాలి. ల్యాబ్‌లో గిన్నెని కదిపితేనే రిసెప్టర్ ఆన్ అయింది. ఈ రిసెప్టర్‌ని ఆన్ చేసే చిన్న ముక్క దాని లోపలే దాగి ఉంటుంది. బయటి భాగం లాగబడితే ఆ ముక్క బయటపడి తన రిసెప్టర్‌నే పొడుస్తుంది. చుట్టూ పరుపు గట్టిపడి, సరిగ్గా బిగుసుకుందని కణానికి తెలిసేది ఈ లాగుడు వల్లే.

రెండూ కలిపి చూడండి. లోపల నుంచి న్యూరెగ్యులిన్, బయట నుంచి లామినిన్. ఒకటి కొలత చెబుతుంది, ఇంకొకటి "నీ చోటు సిద్ధం, కానివ్వు" అంటుంది. మన భాషలో ఏఎన్‌డీ గేట్. ఏ ఒక్కటి లేకపోయినా అవుట్‌పుట్ సున్నా. చిన్న లాజిక్కే, కానీ మనుషుల్లో ఇది తప్పితే చాలా పెద్ద నష్టం. జీపీఆర్126 జీన్ రెండు కాపీలూ పూర్తిగా పాడైన పిల్లలు కీళ్లు బిగుసుకుపోయి పుట్టిన ఉదాహరణలున్నాయి.

మెదడులో బ్రేకులు

మెదడు, వెన్నుపాముల్లో కథ కొంచెం వేరు. అక్కడ "ఇప్పుడే వద్దు" అని చెప్పే రిసెప్టర్లు ముఖ్యం. జీపీఆర్17, లింగో-1 అలాంటివి. ఇవి ఆలిగోడెండ్రోసైట్ త్వరగా ఎదిగిపోకుండా ఆపుతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో మెదడులోని మైలిన్ పోతుంది. అలాంటప్పుడు ఈ బ్రేకులు తీసేస్తే మళ్లీ తొడుగు పడుతుందా అన్నది పెద్ద ఆశ. లింగో-1ని అడ్డుకునే ఒపిసినుమాబ్ మందు మనుషుల్లో పరీక్షించారు, అనుకున్న లక్ష్యం చేరలేదు. క్లెమాస్టిన్ అనే పాత అలర్జీ మందు ఎం1 అనే ఇంకో బ్రేకు రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 మందితో చేసిన ట్రయల్ ఫలితాల్లో కంటి నుంచి మెదడుకి సిగ్నల్ సగటున 1.7 మిల్లీసెకన్లు త్వరగా చేరింది. చిన్న అంకె. కానీ పోయిన తొడుగుని మందుతో తిరిగి వేయించవచ్చన్న దానికి అదొక గుర్తు. ఇది చదివి ఎవరూ మెడికల్ షాపుకి వెళ్లకండి ప్లీజ్. ట్రయల్‌లో ఆ మందు చాలామందిని నీరసపరిచింది కూడా.

మళ్లీ మావయ్య దగ్గరికి

జీబీఎస్‌లో రోగనిరోధక కణాలు మైలిన్‌ని ఒలిచేస్తాయి. మావయ్యకి ఐదు రోజులు ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కించారు. అది దాడిని ఆపడానికి, తొడుగు వేయడానికి కాదు. తొడుగు పని ష్వాన్ కణాలదే. అవి వెనక్కి నడుస్తాయి. పెద్దరికం వదిలి, చిన్నప్పటి స్థితికి వెళ్లి, సంఖ్య పెంచుకుని, మళ్లీ ఆక్సాన్‌ని పట్టుకుంటాయి.

నన్ను ఎక్కువ కదిలించిన విషయం ఇక్కడే ఉంది. పెద్ద ఎలుకల్లో న్యూరెగ్యులిన్-1ని తీసేసి చూశారు. జీపీఆర్126ని కూడా వేరే ప్రయోగంలో తీసేసి చూశారు. అప్పటికే ఉన్న మైలిన్‌కి పెద్దగా ఏమీ కాలేదు. కానీ నరానికి దెబ్బ తగిలితే మాత్రం కొత్త తొడుగు సరిగ్గా పడలేదు. అంటే కట్టడానికి కావాలి, కట్టినదాన్ని నిలపడానికి అక్కర్లేదు, పోయినప్పుడు మళ్లీ కట్టడానికి మళ్లీ కావాలి. పుట్టకముందు మొదలైన మాటలు, మధ్యలో యాభై ఏళ్లు పెద్దగా అవసరం పడనివి, ఆ ఆరు నెలల్లో మా మావయ్య కాళ్లలో మళ్లీ నడిచాయి. మేమంతా మంచం పక్కన కూర్చుని ఏమీ జరగడం లేదనుకున్న రోజుల్లోనే.

హాస్పిటల్లో మొదటి టెస్టులో ఆయన కాలి నరం వేగం సెకనుకి 29 మీటర్లు. మామూలుగా 40 దాటాలి. ఈ మధ్య చేయిస్తే 38 వచ్చింది. ఇంకా తక్కువే. రెండోసారి పడే తొడుగు మొదటిదానికంటే పలచగా ఉంటుంది, ముక్కలు పొట్టిగా ఉంటాయి. అందుకే ఎడమ పాదం ఇప్పటికీ కొంచెం ఆలస్యం.

సంక్రాంతి సెలవుల్లో షాపుకి వెళ్లి ఇదంతా మావయ్యకి చెప్పా. ఈసారి తెలుగులోనే, ఆగకుండా. జాకెట్ లైనింగ్ కుడుతూ విన్నాడు. కొలత సంగతి రాగానే మిషను ఆపాడు.

"అయితే లోపలున్నోడూ మనలాంటోడే. కొలత తీసుకోకుండా కుట్టడు."

"రెండోసారి కుట్టింది పలచగా వస్తుందంట మావయ్యా" అన్నా.

"రిపేరు కుట్టు కదరా. కొత్త బట్టలా ఎందుకుంటుంది" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. మిషనుకి మోటారు పెట్టిద్దామని అత్తయ్య రెండేళ్ల నుంచి అంటూనే ఉంది. ఇంకా పెట్టించలేదు.